ఎంజీబీ క్లచ్ లీకు: అర అంగుళం లెక్క

బండి 1969 ఎంజీబీ రోడ్‌స్టర్, బ్రిటిష్ ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు. 1798 సీసీ ఇంజను, నాలుగు గేర్లకూ సింక్రో (గేర్లు గరగరమనకుండా కలిపే ఏర్పాటు) ఉన్న బాక్సు, రైట్ హ్యాండ్ డ్రైవ్. పని జరిగింది హన్మకొండలో, రేకుల షెడ్డులో. ఈ ఇంజను మన అంబాసిడర్‌లో వచ్చిన 1489 సీసీ బీఎంసీ బీ-సిరీస్‌కు అన్న వరస. అంబాసిడర్ విప్పి బిగించిన చేతులకు ఇది పరాయి బండేం కాదు. కంప్లయింట్: రివర్స్ వేస్తే గరగర, ఫస్ట్ పడాలంటే పెడల్ రెండుసార్లు కొట్టాలి, రాత్రి నిలబెట్టిన చోట పొద్దున బెల్ హౌసింగ్ (ఇంజను వెనక క్లచ్‌ను కప్పే డొప్ప) కింద తడి మచ్చ.

మన దగ్గర పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌ను అప్పర్ అని, ఆ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండర్‌ను లోయర్ అని అంటారు. ఇక్కడా అదే వాడుక.

మొదటి రోజు: విప్పకముందు కొలత

బెల్ హౌసింగ్ కింద కారిందల్లా క్లచ్ ఆయిలే (క్లచ్‌లో పోసేదీ బ్రేక్ ఆయిలే) అనుకుంటే పప్పులో కాలేసినట్టే. బీ-సిరీస్ ఇంజను వెనక నుంచి ఇంజనాయిల్ కారడం కొత్త కాదు, అదీ ఇదే చోట చుక్కలుగా పడుతుంది. తేడా పట్టడం సులువు. వేలికి అంటించుకుని నీళ్లలో కడగాలి. బ్రేక్ ఆయిల్ సబ్బు లేకుండానే పోతుంది, ఇంజనాయిల్ జిడ్డు పోదు. ఇక్కడ నీళ్లకే పోయింది. లోయర్ చివరి రబ్బరు టోపీని వేళ్లతో నొక్కితే లోపలి నుంచి నల్లటి ద్రవం కారింది. అంటే ఆయిల్ కప్పును (పిస్టన్ ముందుండే గిన్నెలాంటి రబ్బరు సీలును) దాటి బయటికి వస్తోంది.

తడి ఎక్కడుంటే తప్పు ఎక్కడో చాలావరకు తెలుస్తుంది. టోపీలో తడి ఉంటే లోయర్ కప్పు పోయింది. పెడల్ వెంబడి కార్పెట్ మీదికి దిగితే అప్పర్ వెనక సీలు పోయింది. ఎక్కడా తడి లేకుండా పెడల్ మెల్లగా కిందికి జారిపోతుంటే అప్పర్ లోపలి కప్పు మీదుగా ఆయిల్ వెనక్కి, అప్పర్ మీదుండే ఆయిల్ డబ్బాలోకి పోతోంది. మూడోదాన్ని చాలామంది క్లచ్ లోపలి ప్రెషర్ ప్లేట్ తప్పనుకుని ఇంజను దించేస్తారు.

ఇక అసలు కొలత. బండిని స్టాండ్ల మీద నిలిపాం. ఒకరు పెడల్ అడుగు దాకా తొక్కితే, కింద పడుకున్నవాళ్లు లోయర్ పుష్‌రాడ్ (పిస్టన్ నెట్టే కడ్డీ) పక్కన స్కేలు పెట్టి అది ఎంత జరిగిందో చూశారు. బాగున్న ఎంజీబీలో ఇది అర అంగుళం, అంటే నాలుగు సూతులు, 12.7 మి.మీ. దగ్గర ఉండాలి. ఇక్కడ 7 మి.మీ. వచ్చింది. వెంటనే రెండోసారి తొక్కితే 9. రెండోసారికి పెరిగిందంటే లైనులో గాలి ఉన్నట్టే.

ఈ అర అంగుళం ఎక్కణ్నుంచి వస్తుందో తెలిస్తే మిగతా పనంతా లెక్కే. అప్పర్ బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, ముప్పావు అంగుళం (19.05 మి.మీ.), లోయర్ బోరు అంగుళంపావు (31.75 మి.మీ.). వైశాల్యాల నిష్పత్తి 2.78. పైన పిస్టన్ 2.78 మి.మీ. జరిగితే కింద ఒక్క మి.మీ. కదులుతుంది. బలం పెరిగినంత దూరం తగ్గుతుంది. అందుకే ఈ బండిలో దూరం దండగ చేసుకునే వీల్లేదు.

రెండో రోజు: లోయర్ దించడం

పానాల మాట ముందు. ఇవన్నీ అంగుళాల బోల్టులు. లోయర్‌ను పట్టుకున్న రెండు బోల్టుల తలలకు 9/16 పానా కావాలి. అది 14.29 మి.మీ. మెట్రిక్ 14 ఎక్కదు, 15 వేస్తే మూలలు గుండ్రమైపోతాయి. 1/2 అంగుళం తల మీద 13 పానా ఎక్కుతుంది, ఎక్కి మోసం చేస్తుంది. అంబాసిడర్ కాలం నాటి సెట్టు ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకోవడం మేలు.

విప్పే వరుస ముఖ్యం. సిలిండర్ బెల్ హౌసింగ్‌కు గట్టిగా బిగించి ఉన్నప్పుడే రబ్బరు హోసు నట్టును లోయర్ దగ్గర పావు చుట్టు వదులు చేయాలి. తర్వాత రెండు బోల్టులు తీసి, హోసును కదలనివ్వకుండా సిలిండర్‌నే తిప్పి ఊడదీయాలి. ముందే బోల్టులు తీసేస్తే పట్టు దొరకదు, హోసు మెలిపడుతుంది. మెలిపడ్డ హోసు పైకి బాగానే కనిపిస్తూ లోపల పొర చీలి, ఆయిల్‌ను ఒక వైపే పోనిస్తుంది. అప్పుడు క్లచ్ తొక్కితే పడుతుంది కానీ వెనక్కి రాదు.

డబ్బా మూత కింద పల్చటి ప్లాస్టిక్ కవర్ పెట్టి బిగిస్తే ఆయిల్ కారడం చాలా తగ్గుతుంది. పక్కన మగ్గు నీళ్లు తప్పనిసరి. బ్రేక్ ఆయిల్ పడ్డ చోట పెయింటు పొక్కులు లేస్తుంది. తుడిస్తే ఇంకా పాకుతుంది, నీళ్లు పోయడమే మందు.

పిస్టన్ బయటికి తీయడానికి హోసు రంధ్రంలోకి సైకిల్ పంపుతో గాలి కొట్టాం. కంప్రెసర్ వాడితే పిస్టన్ తుపాకీ గుండులా వస్తుంది, కాబట్టి మూతి దగ్గర మందపాటి గుడ్డ ఉండాల్సిందే. లోపల వరుసగా స్ప్రింగు, దాని మీద కప్పును నింపే చిన్న దిమ్మె, కప్పు, పిస్టన్. కప్పు అంచు ఒక వైపు చిరిగి ఉంది. బోరు తుడిచి టార్చి వేస్తే చిరగడానికి కారణం దొరికింది. కప్పు తిరిగే దారిలోనే రెండు గుంటలు, గోరు పెడితే ఆగుతోంది.

బ్రేక్ ఆయిల్‌కు గాలిలో తేమ పీల్చుకునే గుణం ఉంది. ఆ నీరు ఆయిల్‌లోనే కలిసిపోయి సిలిండర్ లోపలి లోహాన్ని తినేస్తుంది. ఏళ్ల తరబడి నిలబెట్టిన బండ్లలో బోరుకు గుంటలు పడేది ఇందుకే.

నాలుగో రోజు: లేత్ దగ్గర

ఆటోనగర్‌లో లేత్ ఉస్తాద్ బోరులోకి ఒక్కసారి చూసి, "హోన్ కొడితే సాఫ్ అయితది సార్, ఊకె స్లీవ్ ఎందుకు?" అన్నాడు. మామూలుగా అయితే ఆయన మాట నిజమే. పైన జిగట మరకలు, మెరుపు పట్టిన పొర ఉంటే హోన్, అంటే సాన రాళ్లతో బోరును నున్నగా రాకడం, చాలు. కానీ గుంట లోతు పోయేదాకా హోన్ కొడితే బోరు పెద్దదవుతుంది. రబ్బరు కప్పు అంచు కొంతవరకే సాగుతుంది. అసలు కొలత కంటే 0.05 మి.మీ. దాటనివ్వకూడదన్నది మా లెక్క. ఈ గుంటలు అంతకు రెండు మూడు రెట్లున్నాయి. కొలిచి చూపిస్తే ఆయనే, "అయితే ఇత్తడి వేద్దాం" అన్నాడు.

స్లీవ్ పని, అంటే బోరులో కొత్త గొట్టం దింపడం, ఇలా జరిగింది. బోరును 35 మి.మీ.కు పెంచారు. గోడ మందం అన్ని వైపులా చూసుకున్నాకే ఈ అంకె ఎంచుకున్నాం. ఇత్తడి బుష్షు బయటి కొలత బోరు కంటే 0.03 మి.మీ. ఎక్కువ. రిటైనింగ్ కాంపౌండ్ పూసి ప్రెస్‌తో దింపి, రాత్రంతా వదిలేసి, మర్నాడు లోపల 31.75కు తెచ్చి సన్నటి హోన్‌తో ముగించారు. రెండు చోట్ల తప్పు జరిగే వీలుంది. మూసిన చివర హోసు రంధ్రం, గాలి తీసే బ్లీడ్ రంధ్రం ఉంటాయి. బుష్షు వాటిని కప్పేస్తే అంతా బిగించాక గాని తెలియదు. కాబట్టి బుష్షు వాటి ముందే ఆగాలి, లేదా వాటికి ఎదురుగా రంధ్రాలు వేసి లోపలి ముళ్లు నున్నగా తీయాలి. రెండోది మూతి. అక్కడ పదునైన అంచు మిగిలితే కొత్త కప్పు లోపలికి పోతూనే తెగుతుంది. ఏటవాలుగా, వేలు నిమిరితే తెలియనంత మెత్తగా అంచు తీయించాం.

ఇత్తడికి తుప్పు రాదు. పాత బోరు కంటే ఇదే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఐదో రోజు: లోయర్ ఎక్కింది, గరగర పోలేదు

కప్పు, పిస్టన్ కొత్తవి. బిగించేటప్పుడు కొత్త బ్రేక్ ఆయిల్ తప్ప ఇంకేదీ పూయలేదు. టోపీ లోపలికి మాత్రం ఎర్ర రబ్బర్ గ్రీజు. మామూలు గ్రీజు, డీజిలు, ఇంజనాయిల్ తగిలితే ఈ రబ్బర్లు ఉబ్బుతాయి. పెట్రోలుతో కడిగిన సిలిండర్ ఆరిందనుకుని బిగించినా అంతే. కప్పు గిన్నె నోరు ఆయిల్ వైపు, అంటే మూసిన చివర వైపు ఉండాలి. పేచ్‌కస్‌తో నెట్టకూడదు, వేళ్లతోనే ఎక్కించాలి.

హోసు చివర రాగి వైసర్ కొత్తది దొరక్క పాతదాన్నే ఎర్రగా కాల్చి నీళ్లలో వేశాం. రాగి మెత్తబడి మళ్లీ కూర్చుంటుంది. బ్లీడ్ నిప్పల్ పై వైపు ఉందో లేదో చూసుకోవాలి. కింది రంధ్రంలో నిప్పల్ పెడితే గాలి పైన ఇరుక్కుపోతుంది, ఎన్ని డబ్బాలు పోసినా రాదు.

మామూలు పద్ధతిలోనే, ఒకరు తొక్కి పట్టుకుంటే ఒకరు నిప్పల్ వదులుతూ గాలి తీశాం. 300 మి.లీ. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ పోయింది. కొలత 10.5 మి.మీ. కింద లీకు లేదు. రివర్స్ మాత్రం ఇంకా గరగరమంటోంది. లీకు ఆగింది కదా అని ఇక్కడే బండి దింపేవాళ్లే ఎక్కువ.

ఏడో రోజు: కార్పెట్ తడి

రెండు రోజులు నిలబెట్టి చూస్తే ఈసారి పెడల్ కొనకు చుక్క వేలాడుతోంది. అప్పర్ వెనక సీలు. పొరపాటు మాదే, దీన్ని ముందే ఊహించాల్సింది. రోజూ నడిపేటప్పుడు అప్పర్ పిస్టన్ ఒకే దారిలో తిరిగి ఆ మేర బోరు నున్నగా ఉంటుంది. గాలి తీసేటప్పుడు పెడల్ అడుగంటా తొక్కితే పాత రబ్బరు ఎన్నడూ వెళ్లని చివరికి వెళ్లి, అక్కడి మడ్డి మీద గీసుకుంటుంది. లోయర్ బాగు చేసిన వారంలోపే అప్పర్ పోయిందంటే కారణం ఇదే తప్ప దిష్టి కాదు. వయసు ఒకటే అయిన రెండు సిలిండర్లలో ఒకదాన్నే ముట్టుకోవడం రెండుసార్లు పని చేయడానికే.

అప్పర్‌కు స్లీవ్ ఆలోచన చేయలేదు. దాని బోరులో డబ్బా నుంచి దిగే పెద్ద రంధ్రంతో పాటు సూది మొనంత చిన్న రంధ్రం ఒకటుంటుంది. పెడల్ వదిలినప్పుడు కప్పు దాని వెనక్కి వచ్చి ఆగాలి. అప్పుడే వేడికి పెరిగిన ఆయిల్ డబ్బాలోకి పోతుంది. బుష్షు వేసి ఆ సన్న రంధ్రాన్ని మళ్లీ సరిగ్గా అదే చోట వేయడం, లోపల ముల్లు లేకుండా చేయడం లేత్ పని కాదు. ముల్లు మిగిలితే కప్పు ప్రతి తొక్కుకూ చెక్కుకుపోతుంది. కొత్త అప్పర్, కొత్త హోసు, క్లెవిస్ పిన్నులు, రాగి వైసర్లు ఇంగ్లాండ్ నుంచి తెప్పించాం. ఎంజీబీ తయారీ 1980లోనే ఆగినా అక్కడ స్పేర్లకు కరువు లేదు.

పార్సిల్ వచ్చేదాకా: పెడల్ పిన్ను

పెడల్ బాక్స్ పై రేకు తీస్తే అప్పర్ పుష్‌రాడ్‌నూ పెడల్‌నూ కలిపే క్లెవిస్ పిన్ను కనిపిస్తుంది. అసలు మందం 5/16 అంగుళం, 7.94 మి.మీ. మన పిన్ను నడుము దగ్గర 6.9 ఉంది. పెడల్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగి పొడవు వైపు 9.4. పుష్‌రాడ్ రంధ్రం 8.4. మొత్తం కలిపితే 3 మి.మీ. ఉత్త ఖాళీ. 2.78తో భాగిస్తే కింద 1.08 మి.మీ. పోయినట్టే.

ఇక్కడ ఒక సంగతి. ఇదే అరుగుదల కింద, ఫోర్క్ (లోయర్ నెట్టే క్లచ్ లీవరు) దగ్గరి పిన్నులో ఉంటే దూరం పోదు. లోయర్ లోపలి స్ప్రింగు పుష్‌రాడ్‌ను ఎప్పుడూ ముందుకే నెట్టి పెడుతుంది, ఆ ఖాళీని డబ్బాలోని ఆయిల్ వచ్చి నింపేస్తుంది. పై పిన్ను ఖాళీ మాత్రం ప్రతి తొక్కుకూ దండగే. కింది పిన్ను మార్చి, తేడా రాలేదని తలపట్టుకునేవాళ్లు పైన చూడరు.

పెడల్ రంధ్రాన్ని వెల్డింగ్‌తో నింపి, చదును చేసి, పాత రంధ్రం అరగని వైపు అంచును ఆధారంగా పెట్టుకుని 5/16 డ్రిల్లు వేశాం. మధ్యబిందువు అరిగిన వైపు జరిగితే ఖాళీ పోదు, చోటు మారుతుందంతే.

పార్సిల్ విప్పాక: అప్పర్

కొత్త సిలిండర్ కదా అని నేరుగా బిగించకూడదు. పాతదాన్ని పక్కన పెట్టి, బిగించే ముఖం నుంచి పుష్‌రాడ్ రంధ్రం మధ్య వరకు రెండింటినీ కొలవాలి. మనకు వచ్చినదాని పుష్‌రాడ్ 2 మి.మీ. పొట్టి. అలాగే వేస్తే పై పిన్ను పని చేసి సంపాదించిన దూరంలో మూడింట రెండు వంతులు మళ్లీ పోతుంది. రంధ్రం కొలిచి, కొత్త పిన్ను వదులు లేకుండా సరిపోయేలా బుష్షు వేసి పాత పుష్‌రాడ్‌నే కొత్త సిలిండర్‌లోకి మార్చాం. పొడవు ఎక్కువైనా ప్రమాదమే. పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక ఆ సన్న రంధ్రం మూసుకుపోతే, ఎండలో ఆయిల్ పెరిగి క్లచ్ తనంతట తానే కొద్దిగా విడిపోయి జారుతుంది. పెడల్ పైన చేత్తో నొక్కితే కాస్త ఆట తెలియాలి.

పాత అప్పర్ విప్పి చూశాం. పిస్టన్ తలకూ కప్పుకూ మధ్య ఉండాల్సిన పల్చటి వైసర్ లేదు. మునుపెవరో కిట్టు వేసినప్పుడు గుడ్డలో పోయి ఉంటుంది. అది లేకపోతే ఒత్తిడికి కప్పు పిస్టన్ తలలోని రంధ్రాల్లోకి ఒరుసుకుని తూట్లు పడుతుంది. మన కప్పు వెనక అచ్చం ఆ రంధ్రాల గుర్తులే ఉన్నాయి.

బాంజో బోల్టుకు రెండు వైపులా కొత్త రాగి వైసర్లు. చేత్తో నాలుగు చుట్లు ఎక్కాకే పానా పట్టాం.

గాలి తీయడం, ఈసారి కింది నుంచి పైకి

పోయినసారి 300 మి.లీ. పోసినా పూర్తిగా రాకపోవడానికి కారణం గాలి పైకి పోవాలనుకుంటుంది, మనం కిందికి తోస్తాం. పెడల్ ఒక్కో తొక్కుకు కదిలే ఆయిల్ తక్కువ. బుడగ సగం దారి దిగి, పెడల్ వదలగానే మళ్లీ ఎక్కుతుంది.

60 మి.లీ. సిరంజికి అద్దం కడిగే వాషర్ పైపు ముక్క తొడిగి, నిండా డాట్ 4 పీల్చి, పైపులో గాలి లేకుండా చూసి నిప్పల్‌కు ఎక్కించాం. నిప్పల్ అర చుట్టు వదిలి మెల్లగా నెట్టాలి. డబ్బాలో బుడగలు పైకి రావడం కనిపిస్తుంది. ముందే డబ్బాను సగానికి ఖాళీ చేసి పెట్టుకోకపోతే పొర్లి పెడల్ బాక్స్ పెయింటు పోతుంది. నాలుగు సిరంజిలకు బుడగలు ఆగాయి. నిప్పల్ మరల చుట్టూ కొద్దిగా రబ్బర్ గ్రీజు పూయాలి. లేకపోతే మరల సందులోంచి గాలి వస్తూ, లోపలి గాలే ఇంకా ఉందని భ్రమ పెడుతుంది. సిరంజి మాత్రం ఆ పూటకే. కాసేపటికి దాని రబ్బరు బిగుసుకుపోతుంది.

ఆయిల్ సంగతి కూడా ఇక్కడే. డాట్ 3 కొత్తది 205 డిగ్రీలకు మరుగుతుంది, డాట్ 4 230కి. ఇవి కనీస అంకెలు. తేమ పీల్చాక అవి 140, 155కి పడిపోతాయి. డాట్ 3, 4 కలిసినా పరవాలేదు. సిలికాన్‌తో చేసే డాట్ 5ను వీటితో కలపకూడదు. మృగశిర దాటిందంటే మూత తీసిన డబ్బాను అటక మీద దాచడం అనవసరమైన పొదుపు.

కొలత 12.4. పెడల్‌ను కర్రతో కొంత కిందికి నొక్కి రాత్రంతా ఉంచకూడదు. నొక్కి ఉంటే కప్పు సన్న రంధ్రాన్ని దాటి ఉంటుంది, బుడగ డబ్బాలోకి పోయే దారి మూసుకుంటుంది. పెడల్ పైనే వదిలేశాం. పొద్దున నాలుగుసార్లు చురుగ్గా తొక్కి వదిలి కొలిస్తే 12.8.

రోడ్డు మీద

ఇంజను వేడెక్కాక ఐడిల్‌లో క్లచ్ తొక్కి పది సెకన్లు ఆగి రివర్స్ వేయాలి. రివర్స్‌కు సింక్రో ఉండదు కాబట్టి పరీక్షకు దాన్ని మించింది లేదు. చప్పుడు లేకుండా పడింది. తర్వాత నిమిషం పాటు తొక్కి పట్టి మళ్లీ కొలిచాం, 12.8 కదల్లేదు. కాజీపేట బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ, అక్కణ్నుంచి తిరిగి హసన్‌పర్తి దాకా. నాలుగు గేర్లూ వేళ్లతోనే పడ్డాయి.

మిగిలింది క్లచ్‌ను నొక్కి విడదీసే రిలీజ్ బేరింగ్. ఎంజీబీలో అది తిరిగే బేరింగు కాదు, కార్బన్ దిమ్మె. మార్చాలంటే ఇంజను దించాల్సిందే, ఇప్పుడు దించలేదు. ఈ లోయర్‌కు సర్దుబాటు స్క్రూ లేదు కాబట్టి పిస్టన్ నిలబడే చోటే కబురు చెబుతుంది. క్లచ్ ప్లేటు అరిగితే పిస్టన్ లోపలికి జరుగుతుంది, కార్బన్ అరిగితే బయటికి వస్తుంది. పెడల్ వదిలి ఉన్నప్పుడు పుష్‌రాడ్ మీద టోపీ అంచుకు ఎదురుగా తెల్ల పెయింటు గీత పెట్టాం. మళ్లీ వెయ్యి కిలోమీటర్లకు కిందకి దూరి చూడాల్సింది ఆ గీత ఎటు జరిగిందన్నదే.